పదహారు మీటర్ల గీత

"నేను నలభై దాటలేదు మేడమ్. మీ కాగితంలో ఈ యాభై ఎక్కడి నుంచి ఊడిపడింది?"

బస్సు డ్రైవరు గుమ్మంలోనే నిలబడి అడిగాడు. ప్రమాదాల లెక్కలు కట్టే ఇంజనీరమ్మ ఫైలులోంచి తలెత్తింది. ఆ రోడ్డు మీద నలభై దాటకూడదు. ఇతని బస్సు గుద్ది ఒక ముసలి దర్జీ పోయి నెలయింది. ఆమె రిపోర్టు పుణ్యమా అని ఇతని ఉద్యోగం ఊడింది, రేపో మాపో జైలు కూడా తప్పదు.

"రోడ్డు మీద బ్రేకు గీత పదహారు మీటర్లుంది. గీత ఎంత పొడుగుంటే అంత వేగం. గీతకి మీ మీద పగేం లేదు."

"మరి మీకుందా?"

ఆమెకు నవ్వొచ్చింది. చావు ఫైలు ముందు పెట్టుకుని నవ్వినందుకు సిగ్గేసింది కూడా.

"సరే, డిపోకి పదండి. మీరు తోలండి, పక్కన నిలబడి స్పీడు ముల్లు నేను చూస్తాను."

డిపో వెనక ఖాళీ స్థలంలో, అదే బస్సులో, ముల్లు నలభై మీద ఉండగా అతను బ్రేకు తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి. దిగి కొలిస్తే గీత పదహారు మీటర్లు. యాభైకి రావాల్సిన గీత నలభైకే వచ్చింది.

టేపు రెండో కొస చుట్టుకుంటూ వచ్చిన డ్రైవరు వెనక చక్రం దగ్గర ఆగిపోయాడు. "ఈ గీత మొదలెట్టింది వెనక చక్రం కదా? అది ఇక్కడే ఆగింది. మీరేంటి ముందు చక్రం దాకా లాక్కుపోయారు?"

రెండు చక్రాల మధ్య ఆరు మీటర్లు. బస్సు జారింది పది మీటర్లే. ఆ రోజు వెనక చక్రాల చుట్టూ జనం మూగి ఉంటే, ఆమె ఖాళీగా ఉన్న ముందు చక్రం దగ్గర టేపు ఆపి వచ్చేసింది. ఇవాళ కూడా అదే తీరుగా కొలిచింది. అంత చిన్న బద్ధకానికి ఒక మనిషి జైలుకి వెళ్లబోయాడు.

ఆ సాయంత్రమే తప్పు తనదేనని రాసి సంతకం పెట్టింది. పైఆఫీసరు చడామడా తిట్టి మెమో ఇచ్చాడు. డ్రైవరు మాత్రం రోజూ టీ వేళకి వచ్చేవాడు.

"అక్క ఫోన్ చేసి వాయించేస్తోంది. నిన్ను ముంచినావిడతోనే టీ తాగుతున్నావా, సిగ్గు లేదా అని."

"మీరేమన్నారు?"

"లేదన్నాను."

వారం తిరక్కుండానే ఆమె గడియారం చూసుకోవడం మొదలుపెట్టింది. అతనంటే ఇష్టం. ఆ ఇష్టమే ఆమెను భయపెట్టింది, ఎందుకంటే ఫైలు వెనక పేజీలో పెన్సిలుతో ఇంకో లెక్క కట్టి ఉంచింది. అది అతను అడగకుండా ఉంటే బాగుండునని రోజూ అనుకునేది.

ఉద్యోగం తిరిగొచ్చిన రోజు అడగనే అడిగాడు.

"మేడమ్, నేను ముప్పైలో వస్తుంటే?"

"రూలు నలభై. మీ తప్పు లేదు."

"రూలు సంగతి కాదు. ఆయన బతికేవాడా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఒకసారి నష్టపోయిన మనిషికి మళ్లీ తప్పు లెక్క ఇవ్వడానికి ఆమెకు మనసొప్పలేదు.

"ఆయన రోడ్డు మీదకి వచ్చినప్పుడు మీరు పంతొమ్మిది మీటర్ల దూరంలో ఉన్నారు. నలభైలో, కాలు బ్రేకు మీద పడేలోగా పోయే పదకొండు కలుపుకుని, బస్సు ఆగడానికి ఇరవై ఒకటి కావాలి. ముప్పైలో పద్నాలుగు చాలు."

"అంటే ఐదు మీటర్ల ముందే ఆగేది."

"ఆగేది."

అతను బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. పెద్దవాడు అలా ఏడుస్తుంటే ఆమెకు ఏం చేయాలో తోచలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"మీరు నాకు చెప్పకపోతే పోయేదిగా," అన్నాడు చాలాసేపటికి.

"పోయేది కాదు. నేనొక్కదాన్నే మోసేదాన్ని."

అతను ముఖం తుడుచుకున్నాడు. "ఈ లెక్క తెలిసి కూడా నాతో ఉండగలరా?"

"తెలిసినదాన్ని నేనొక్కదాన్నేగా," అంది ఆమె, అతని చెయ్యి పట్టుకుని. "ఇంకెవరితో ఉంటారు మీరు?"