మూడో నంబరుల లేదు

1971 డిసెంబర్. గోదావరిఖని. మధ్యాహ్నం ఒంటిగంటా నలభై.

సరిగ్గా రెండింటికి బాంబు పేలుతుంది. ఒకటి, రెండు, మూడు నంబర్ల బొగ్గు గనుల ఫ్యాన్ హౌసుల్లో ఏదో ఒకదాంట్లో. పేలితే గాలి అందక కింద ఉన్న రెండు వందల మంది పైకి రారు. వాళ్లను బయటికి తేవడానికి గంట కావాలి. ఉన్నది ఇరవై నిమిషాలు. బాంబు విప్పగల మనిషి ఒక్కడే: ఫిట్టర్ వేషంలో ఉన్న ఏజెంట్ దయాసాగర్.

ఫోన్ మోగింది. సుసన్నా. శత్రుదేశపు ముఠాలో ఉంటూ మనకు కబుర్లందించే డబుల్ ఏజెంట్. పక్కన ముఠా మనిషి ఉన్నాడని ఆమె గొంతే చెబుతోంది.

"ఎటు పోతున్నవ్?"

"ఒకటో నంబరుకు."

"మూడో నంబరుల లేదు, బావా." లైన్ కట్టయింది.

పక్కనే ఉండి విన్న డ్రైవర్ పోశం జీపు స్టార్ట్ చేశాడు. "ఇగ మిగిలినయి రెండే కద సార్. సగం సగం."

పోయిన నెల కాసిపేటలో దయాసాగర్ కూడా అలాగే అనుకున్నాడు. అక్కడా మూడు చోట్లలో ఒకదాంట్లో బాంబు; ఫలానా చోట లేదని ఇన్ఫార్మర్ ఇలాగే చెప్పాడు. ఎలా తెలిసిందని అడక్కుండా, దయాసాగర్ మొదట అనుకున్న చోటికే వెళ్లాడు. తొమ్మిది మంది పోయారు. అప్పటినుంచి జీపెక్కితే చాలు, వెనక సీట్లో తొమ్మిది బొగ్గు ముఖాలు. దగ్గుతారు. దగ్గుతూనే ఉంటారు.

ఆ తర్వాతే సుసన్నాతో కోడ్ పెట్టుకున్నాడు. ఏదో ఒక చోట అనుకోకుండా చూసి, లేదని తెలిస్తే 'అన్నా'. మూడింటి సంగతీ తెలిసి, ముఠా వింటున్నందున అతను వెళ్లే చోటు గురించీ బాంబున్న చోటు గురించీ నోరు విప్పలేక, మిగతా వాటిలో ఖాళీ చోటు ఒక్కటే చెప్పగలిగితే 'బావా'.

"రెండో నంబరుకు తిప్పు."

"ఎందుకు సార్?"

"ఊకెనే చూసి చెప్తే సగం సగమే. ఆమెకు అంతా ఎరుకే. బాంబు ఒకట్ల ఉంటే రెండన్నా చెప్పొచ్చు, మూడన్నా చెప్పొచ్చు. రెండుల ఉంటే మూడు తప్ప చెప్పనీకి ఇంకోటి లేదు. మూడు పాళ్లల్ల రెండు పాళ్లు రెండో నంబరుకే, పోశం."

"మిగిలిన ఒక్క పాలు?"

దయాసాగర్ వెనక్కి చూడలేదు.

రెండో నంబరు ఫ్యాన్ మోటారు వెనక, గ్రీజు డబ్బాలో టిక్ టిక్. పెన్ను మూతలోంచి కట్టర్ తీశాడు. ఎర్ర తీగ తెగేసరికి ఇంకా నాలుగు సెకన్లున్నాయి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

సాయంత్రం, ఆమె ఫోన్ చేసిన మంచిర్యాల లాడ్జిలో పోలీసులకు వేలాడుతున్న రిసీవరు దొరికింది. సుసన్నా దొరకలేదు.

హైదరాబాద్ నుంచి చీఫ్ ఫోన్. "శభాష్. రిపోర్టులో 'ఖచ్చితమైన సమాచారం' అని రాయి. మూడింట రెండు పాళ్లంటే ఢిల్లీవాళ్లు మనిద్దర్నీ ఇంటికి పంపిస్తారు."

"సుసన్నా పేరు ఎక్కడ రాయమంటారు సార్?"



"అలాంటి మనిషి మన దగ్గర ఎప్పుడూ లేదు కదయ్యా. అది మాత్రం నూటికి నూరుపాళ్లు."