పన్నెండో నిమిషంలో ఆగిన మోటారు

ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన ఆవిడ, కూర్చోమన్నా కూర్చోకుండా చేతిసంచిలోంచి ఒక చీటీ తీసి డిటెక్టివ్ ముందు పెట్టింది. ముప్పై రెండేళ్ళు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. అలాంటి మనిషే కుదురుగా కూర్చోలేకపోతోందంటే విషయం చిన్నది కాదని పక్క బల్ల దగ్గరున్న అసిస్టెంట్‌కి అర్థమైంది.

చీటీ మీద ఒకటే మాట: "ఆ ఇల్లు కొనకండి." సంతకం లేదు.

"కొండ కింద నాలుగెకరాల తోట, మధ్యలో ఇల్లు. రేపే రిజిస్ట్రేషన్. నా ఫ్లాటు అమ్మేశానండీ, ఇరవై ఎనిమిదో తారీకుకల్లా ఖాళీ చెయ్యాలి. నిన్న బుధవారం బావి చూడ్డానికెళ్ళి, మోటారు గంటసేపు నడపమన్నాను. వాచీ చూస్తూ నిలబడ్డాను. పన్నెండో నిమిషంలో ఆగిపోయింది. చూస్తే మోటారు గది వెనకాల వైరు ఎవరో కత్తిరించేశారు. బయటికొస్తే కారు అద్దానికి ఈ చీటీ."

"ఎవరి మీదైనా అనుమానమా?"

"పక్క తోట తేనెలాయన. తేనెటీగలు పెంచుతాడు. ఆ స్థలం తనకిమ్మని పోయినేడు అడిగాట్ట. నేనక్కడ ఉండటం ఎవరికిష్టం లేదో తేల్చి చెప్పండి."

"వెళ్దాం పదండి," అని డిటెక్టివ్ అప్పుడే లేచాడు. అసిస్టెంట్‌కి మాత్రం కేసు సగం తేలిపోయినట్టే అనిపించింది. అతనికి ప్రతి కేసూ మొదటి పది నిమిషాల్లోనే సగం తేలిపోయేది.

తోటలో ఇంటి వరండాలో యజమాని పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కళ్ళు మసకలు కమ్మి, మనుషుల్ని గొంతుని బట్టి పోల్చుకుంటున్నాడు. పక్కన బ్రోకరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పెద్దాయన భార్య అందరికీ టీ తెచ్చింది. కప్పు అందుకుంటూ నర్సమ్మ ఆవిడ అరచేతులు పట్టి చూసింది.

"ఈ బొబ్బలేంటమ్మా?"

"గులాబీల పనమ్మా. కత్తెర పట్టుకుని పట్టుకుని."

డిటెక్టివ్ వంటింటి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. సబ్బు ఒక్క రుద్దుకే నురగలు కట్టింది. పొయ్యి మీది కెటిల్ మూత తీసి చూస్తే లోపల గోడంతా గుల్లసున్నంలా తెల్లటి పెచ్చు. పెరటి గుమ్మం దగ్గర మేకుకి, రబ్బరు పిడులున్న కొమ్మల కత్తెర వేలాడుతోంది. దాని అంచు ఒకచోట నల్లగా మాడి నొక్కుకుపోయి ఉంది.

"బావిలో నీళ్ళున్నాయండీ!" అన్నాడు అసిస్టెంట్, అంచు మీద నుంచి తొంగిచూసి.

"నీళ్ళ కింద ఏముంది?"

నీటి అడుగున రాళ్ళ సందుల్లో పచ్చటి గడ్డి ఊగుతోంది. అసిస్టెంట్ అది కూడా రాసుకున్నాడు, ఎందుకో తెలియకపోయినా.

డిటెక్టివ్ బ్రోకరు వైపు తిరిగాడు. "సోమ, మంగళవారాలు ఎక్కడున్నావు?"

"పెద్దాయన్ని కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళానండీ. రెండ్రోజులూ అక్కడే."

"నిన్న మోటారు ఆగినప్పుడు?"

"నేనూ పెద్దాయనా ఈవిడ పక్కనే ఉన్నాం. అమ్మగారు టీ పెట్టడానికెళ్ళారు. అడగండి."

నర్సమ్మ అవునని తలూపింది. పిలిపిస్తే తేనెలాయన కంచె దాటి వచ్చాడు. చీటీ చూపించగానే ఒప్పుకున్నాడు.

"నేనే రాశానండీ. వైరు జోలికి మాత్రం పోలేదు."

"సంతకం ఎందుకు పెట్టలేదు?"

"ఒకరికి మాటిచ్చాను." అతను పెద్దావిడ వైపు చూసి తల దించుకున్నాడు.

అందరూ వరండాలో చేరాక డిటెక్టివ్ మామూలు గొంతుతోనే మొదలుపెట్టాడు.

"గడ్డి గాలిలో మొలుస్తుంది, బావి నీళ్ళలో కాదు. మునిగినా ఇంకా పచ్చగా ఉందంటే, ఆ నీళ్ళొచ్చి రెండు మూడు రోజులే. వాన లేదు. కెటిల్‌లో పెచ్చు చూస్తే ఈ నేలలో ఊరేది సబ్బు నురగ రాని నీరు. ఇవాళ కుళాయిలో సబ్బు ఇట్టే నురగ కట్టింది. బావిలో ఉన్నవి ట్యాంకరు నీళ్ళు. గంటసేపు తోడితే అడుగు బయటపడుతుంది కాబట్టి, మోటారుని ఆపాల్సొచ్చింది."

"ఎవరు?" అంది నర్సమ్మ.

"ట్యాంకరొచ్చిన రోజుల్లో పెద్దాయనా బ్రోకరూ ఆసుపత్రిలో ఉన్నారు. కొనొద్దని రాసినాయన బావి నింపడు. నిన్న మీ పక్కన లేనిది టీ పెట్టడానికెళ్ళిన ఒక్కరే. కరెంటున్న వైరుని కత్తిరిస్తే కత్తెర అంచు మాడుతుంది. ఆ బొబ్బలు కత్తెరవి కావు, బకెట్లవి. అమ్మా, చెబుతారా?"

పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జవాబు తేనెలాయన చెప్పాడు.

"రోజూ తెల్లవారకముందే మా బావి నుంచి నీళ్ళు మోస్తోందండీ పిన్ని. బాబాయికి చెప్పొద్దని ఒట్టేయించుకుంది. కానీ ఈవిడ ఉన్నదంతా పెట్టి కొంటుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను."

పెద్దాయన ముఖం భార్య ఉన్న వైపు తిప్పాడు. "ఎన్నాళ్ళయింది?"

"మూణ్ణెల్లు. మీ చేతుల్తో తవ్విన బావి అది. ఎండిపోయిందని ఏ నోటితో చెప్పను? మీకు తెలిసేలోపు అమ్మేసి వెళ్ళిపోదామనుకున్నాను."

"ఈ తల్లి గొంతు కోసా?"

ఆయన తడుముకుని భార్య చెయ్యి పట్టుకున్నాడు, అరచేతిని వేళ్ళతో వెతికి చూశాడు. తర్వాత నర్సమ్మ ఉన్న దిక్కుకి తిరిగి, "క్షమించమ్మా. మీ బయానా రేపే పంపిస్తాను," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో అసిస్టెంట్ పొంగిపోతూ, "గడ్డిపోచతో పట్టేశారు కదండీ!" అన్నాడు. వెనక సీట్లో నర్సమ్మ కిటికీ బయటికే చూస్తోంది.

"మీరు నన్ను మునిగిపోకుండా ఆపారు, తెలుసు," అంది చివరికి. "అయినా మీ మీద కోపమొస్తోంది. ఆ ఇంట్లో నా మంచం ఎటు వేసుకోవాలో కూడా అనుకున్నాను. ఇప్పుడు ఇరవై ఎనిమిదిన నా సామాను ఎక్కడ దింపించుకోను?"

ఆవిడ ఏడుస్తోంది.

ఆఫీసు వీధి దగ్గర డిటెక్టివ్ కారు తిప్పలేదు. నేరుగా పోనిచ్చాడు. "అద్దె బోర్డులున్న వీధులన్నీ ఇవాళే తిరుగుదాం. ఎలాంటిది కావాలో చెప్పండి."

నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది.

"కొండ కనిపించాలి," అంది.