ఖాళీ గళ్ళున్న ఫారం తీసుకోబడదు

“మీరు ప్రింట్లు తీస్తారా, పేపర్లు దిద్దుతారా?”

ఆ అమ్మాయి నన్ను మొదటిసారి తిట్టిన తిట్టు ఇది. అనిపించుకున్నాను లెండి. నోరు మూసుకుని రెండు పేజీలు ప్రింట్ తీసిచ్చి పంపేస్తే పోయేది.

మా మావయ్య జిరాక్స్ షాపు యూనివర్సిటీ గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఎం.ఏ. అప్లికేషన్ల సీజన్ వస్తే మాకు తల గోక్కోవడానికి కూడా తీరికుండదు. ప్రతి ఫారంతో పాటు ‘నేను ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నాను’ అని ఒక వ్యాసం పెట్టాలి. రాసేది వాళ్ళు, ప్రింట్ తీసేది నేను. ఐదేళ్ళుగా తీస్తున్నాను కదా, చదవకుండా ఉండలేని జబ్బు పట్టుకుంది.

“ఏమీ అనుకోకపోతే ఒక్క మాటండీ,” అన్నాను, కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని. “‘చిన్నప్పటి నుంచీ నాకు చరిత్ర అంటే ప్రాణం’ అని మొదలుపెట్టారు. ఈ వారంలో ఇది ముప్పై ఏడో ప్రాణం.”

అప్పుడు పడ్డాయి ఆ అక్షింతలు.

“మిమ్మల్ని నేను అడిగానా?”

“లేదు.”

“మరి?”

“లోపల ప్రొఫెసర్లు కూడా ముప్పై ఆరు చదివాకే మీది చదువుతారు కదా. జాలేసి చెప్పాను.”

“నా మీదా?”

“వాళ్ళ మీద.”

ఆ అమ్మాయి కాగితం వంక చూసింది, నా చెయ్యి వంక చూసింది. “దాన్ని అంత దూరంగా పట్టుకున్నారేంటి?”

“అలవాటు.”

“అలవాటు కాదు, చూపు. దగ్గరివి కనపడట్లేదు మీకు. నేను కళ్ళద్దాల షాపులో చూపు పరీక్షలు చేస్తాను. ముందు మీ కళ్ళు చూపించుకుని, తర్వాత నా తప్పులు వెతకండి.”

టపీమని గొడుగు విప్పి వానలోకి వెళ్ళిపోయింది. కాగితాలు మాత్రం కౌంటర్ మీదే వదిలేసింది.

“బంగారం లాంటి గిరాకీని తరిమేశావు కదరా! నీ నోటికి స్టాప్లర్ పిన్ను కొట్టా!” అన్నాడు మావయ్య.

మర్నాడు మళ్ళీ వచ్చింది. తడిసిన గొడుగుని నా కుర్చీకే తగిలించింది.

“ప్రాణం తీసేశాను. ఇప్పుడు చూడండి.”

“‘గతం తెలియనిదే భవిష్యత్తు లేదు.’”

“ఎలా ఉంది?”

“పన్నెండోది.”

ఆ చూపుకి వేరేవాళ్ళయితే భస్మమయ్యేవాళ్ళు. నాకు దగ్గరివి కనపడవు కాబట్టి బతికిపోయాను.

మూడో రోజు నేనే అడిగాను. “అసలు మీకు చరిత్ర ఎందుకండీ? వ్యాసం సంగతి వదిలేయండి. నాకు చెప్పండి.”

గొడుగు పిడి తిప్పుతూ చెప్పింది. “మా షాపుకి పెద్దవాళ్ళొస్తారు. చార్టు చదవమంటే మూడో లైను దగ్గర ఆగిపోతారు. ఆగినవాళ్ళు ఊరుకోరు, ఎప్పుడో మూతపడిన మిల్లు గురించో, కొట్టుకుపోయిన వంతెన గురించో చెప్తారు. వాళ్ళు వెళ్ళాక కార్డులో కుడి కన్ను ఇంత, ఎడమ కన్ను ఇంత అని రాస్తాను. చెప్పిన సంగతులు రాయడానికి కార్డులో చోటుండదు. అవన్నీ ఎక్కడ, ఎలా రాయాలో నేర్చుకుందామని.”

నేను మెషిన్ ఆపేశాను.

“ఇదే రాయండి.”

“ఇది కూడా వ్యాసమేనా?”

“ఇదే వ్యాసం.”

నిజం చెప్పొద్దూ, నేను పడిపోయింది అక్కడే. ఆ రోజు ఎవరి హాల్ టికెట్టో నలభై కాపీలు తీశాను, వాళ్ళడిగింది నాలుగు.

శుక్రవారానికి వ్యాసం తయారైంది. ఒకసారి ఇంటి దగ్గర చూసుకుంటానంటే రఫ్ కాపీ తీసిచ్చాను. ఇక్కడ మా షాపు పద్ధతి ఒకటి చెప్పాలి. రఫ్ కాపీకి మావయ్య కొత్త కాగితం ముట్టుకోనివ్వడు. ఒకవైపు పాడైన కాగితాల కట్ట ఉంటుంది, దాని వెనక వైపు తీయాల్సిందే. ఆ కట్టలోంచి చేతికందిన రెండు కాగితాలు తీసి మెషిన్లో పెట్టాను. దూరంగా పట్టుకుని చూసినా పోయేది, చూడలేదు.

శనివారం ఆఖరి రోజు. సాయంత్రం ఐదుకి కౌంటర్ మూసేస్తారు. మూడున్నరకి వచ్చిన ఆ అమ్మాయి రఫ్ కాపీని తిరగేసి నా ముందు పెట్టింది. దాన్నిండా ఎర్ర ఇంకు.

“ఇది ఎవరిది?”

నాదే. నేనూ ఎం.ఏ. చరిత్ర ఎందుకు చదవాలనుకుంటున్నానో రాసుకున్న వ్యాసం. ప్రతి ఏడూ రాస్తాను, ప్రింట్ తీసుకుంటాను, రఫ్ కట్టలో పడేస్తాను. ఫారం మాత్రం డ్రాయర్లో అలాగే ఉంటుంది.

“మొదటి వాక్యం బాగుంది. ‘ఐదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి ఆశలూ రెండేసి పేజీల చొప్పున చదువుతున్నాను.’ అసూయ పుట్టింది. కానీ ఇదేంటి?” చివరి వాక్యం మీద వేలు పెట్టింది. “‘సీటు ఇస్తే చదువుతాను, ఇవ్వకపోయినా ఫరవాలేదు.’ ఇంత పిరికి వాక్యం నేనెక్కడా చూడలేదు!”

“అది కాదండీ, మావయ్య ఒక్కడే అయిపోతాడు, షాపు…”

మెషిన్ వెనక నుంచి మావయ్య తల పైకి లేచింది. “ఏరా, ఇన్నేళ్ళుగా నా వెనక దాక్కుంటున్నావా? డ్రాయర్లో దాన్ని చూసి ప్రేమలేఖేమో, ముట్టుకోవడం మర్యాద కాదని ఊరుకున్నాను! నువ్వు పుట్టకముందు నుంచీ నడుపుతున్న షాపురా ఇది. పొద్దున ఇక్కడ, మధ్యాహ్నం క్లాసు. తియ్యి ఆ ఫారం!”

తీశాను. ఆ అమ్మాయే లాక్కుని, నన్ను అడుగుతూ నింపింది. ఆ చివరి వాక్యంలో సగం కొట్టేసి కొత్తగా ప్రింట్ తీశాను. ఇద్దరం ఒక్క గొడుగు కింద పరిగెత్తాం. గొడుగు తనది, తడిసిన భుజం నాది.

కౌంటర్ దగ్గర క్యూ. అద్దం మీద బోర్డు: ‘ఖాళీ గళ్ళున్న ఫారం తీసుకోబడదు.’ లోపల గుమస్తా. ఆ అమ్మాయి ఫారం చూసి టప్పున ముద్ర కొట్టాడు. నాది చూసి వెనక్కి నెట్టాడు.

“అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇద్దరి నంబర్లు రాయాలి. మొదటిది మావయ్య, సరే. రెండోది?”

రెండో గడిలో ఆ అమ్మాయి అప్పటికే తన నంబరు రాసేసి ఉంది. ఎప్పుడు రాసిందో నేను చూడనేలేదు.

“అభ్యర్థితో సంబంధం ఖాళీగా ఉంది,” అన్నాడు గుమస్తా. “ఐదుకి ఇంకా నాలుగు నిమిషాలే.”

“ఫ్రెండ్ అని రాసెయ్యండి,” అన్నాడు క్యూలో వెనకాయన.

“ఫ్రెండ్ కాదు,” అంది.

“క్లాస్‌మేట్ అనండి.”

“ఇంకా సీటే రాలేదు కదండీ.”

“ఏదో ఒకటి రాయండమ్మా, మాకూ ఇళ్ళున్నాయి!” అంది ఇంకొకావిడ.

ఆ అమ్మాయి కాగితానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో రాసింది. గుమస్తా చదివాడు. కళ్ళజోడు మీదుగా నన్ను చూశాడు, ఆ అమ్మాయిని చూశాడు, ముద్ర కొట్టాడు. ఇప్పటికీ మేమిద్దరం క్లాసుకి వెళ్తుంటే ఆయన అలాగే చూసి నవ్వుతాడు.

“ఏం రాశారు?” అని గేటు దాకా అడుగుతూనే ఉన్నాను.

“రేపు షాపుకి రండి, కళ్ళజోడు పెడతాను. దగ్గరివి కనపడతాయి,” అంది.

ఆదివారం కళ్ళజోడు వచ్చింది. జవాబు రాలేదు.

సోమవారం పొద్దున్నే గుమస్తా అప్లికేషన్ల కట్ట మోసుకుని మా షాపుకి వచ్చాడు. ఇంటర్వ్యూ చేసే ముగ్గురికీ ప్రతి అప్లికేషన్ మూడు సెట్లు మా దగ్గరే తీయిస్తారు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ అమ్మాయికి తెలియదు. ఎనభై రెండోది నాది. కొత్త కళ్ళజోడు సర్దుకుని ఆ చిన్న గడి చదివాను.

‘అభ్యర్థితో సంబంధం: ఇంకా అడగలేదు.’

“ఒరేయ్, మూడు చాలన్నారు కదరా! ఆ ఒక్క పేజీ నాలుగోసారి తీస్తున్నావేంటి?” అన్నాడు మావయ్య. నేను అప్పటికే రోడ్డు దాటుతున్నాను.

కళ్ళద్దాల షాపులో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని చార్టు చదువుతున్నాడు. ఆ అమ్మాయి చార్టు పక్కన పుల్ల పట్టుకుని నిలబడి ఉంది. నా చేతిలో కాగితం చూడగానే చెవుల దాకా ఎర్రబడింది.

“అది మీకెలా దొరికింది?”

“మూడు సెట్లు తీయమన్నారు. ఇది నాలుగోది.” కళ్ళజోడు సర్దుకున్నాను. “నన్ను పెళ్ళి చేసుకుంటారా? ఈసారి ఫరవాలేదు అనడం లేదు. కాదంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది.”

ఆ అమ్మాయి చేతిలో పుల్ల మూడో లైను మీదే ఉండిపోయింది.

“త్వరగా తేల్చమ్మా,” అన్నాడు పెద్దాయన. “నా కుడి కన్ను ఇంకా మిగిలే ఉంది.”

ఆ అమ్మాయి నా చేతిలో కాగితం తీసుకుంది. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఆ గడిలో ఉన్నది కొట్టేసి, పైన రాసి నాకిచ్చింది.

దగ్గరగానే పట్టుకుని చదివాను.

‘అడిగాడు. సరే అన్నాను.’