'మేడమీద యువరాజు' గురించి ఒక పాఠకురాలి అభిప్రాయం

"ఆ యువరాజుని ముందు తీసుకెళ్లి జైల్లో పెట్టాలి!"

లైబ్రరీ మేడమీద హాల్లో తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. బయట వాన దంచేస్తోంది. లోపల ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుమంటూ తిరిగే ఫ్యాన్లు, నెలకోసారి కలిసే పాఠకుల సంఘం. ఆ నెల పుస్తకం 'మేడమీద యువరాజు'. అప్పటిదాకా అందరూ ఆహా ఓహో అన్నవాళ్లే.

మాట్లాడిన అమ్మాయి పళ్ల డాక్టర్. క్లినిక్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, జడకి ఇంకా వాన చుక్కలు అంటుకునే ఉన్నాయి.

"ఏడాదిపాటు ఆ టైలరమ్మాయి ఇంట్లో మేడమీద అద్దెకుంటాడు. ఆమె కుట్టిన చొక్కా వేసుకుంటాడు, ఆమె పెట్టింది తింటాడు. చెప్పిన పేరు అబద్ధం, ఊరు అబద్ధం, ఉద్యోగం అబద్ధం. చివర్లో పెద్ద కారు దిగి 'నేను యువరాజుని' అనగానే ఆ పిల్ల కళ్లు తుడుచుకుని కారెక్కేస్తుంది. ఎంత అన్యాయమండీ! ఒక్క పేజీ కోపం కూడా ఇవ్వలేదు ఆ పిల్లకి, ఈ రచయిత్రి."

"అమ్మా, అతను రాజ్యం వదులుకుని వచ్చాడు కదమ్మా," అన్నాడు పక్క కుర్చీలో ఆమె తండ్రి. రిటైరైన బస్సు కండక్టర్. ఆ నవలకి వీరాభిమాని.

"రాజ్యం వదులుకున్నాడు నాన్నా. అబద్ధం వదులుకోలేదు."

"ఏమన్నా అను. ఆ రచయిత్రిగారికి ఆడమనసు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మగాడెవడైనా రాయగలడా ఇలా?"

చివరి వరసలో కూర్చున్న కుర్రాడికి టీ గొంతుకి అడ్డంపడింది.

అతను ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫ్ రీడర్. రోజంతా తప్పులు వెతకడమే పని కాబట్టి ప్రెస్సులో అందరూ అతన్ని 'అచ్చుతప్పు' అని పిలుస్తారు. ప్రెస్సు అతని బాబాయ్‌ది. బాబాయ్‌కి తప్ప లోకంలో ఎవరికీ తెలియని విషయం ఇంకోటుంది. ఆ నవల రాసింది అతనే. 'ప్రేమ నవల మీద మగపేరుంటే ఎవడు కొంటాడ్రా?' అని బాబాయే కవర్ మీద ఒక ఆడపేరు వేయించాడు. జనం ఏమనుకుంటున్నారో చెవులారా విందామని ఆ రోజు వచ్చి, వెనక నక్కి కూర్చున్నాడు.

విన్నాడు. బాగానే తగిలింది. విచిత్రమేమిటంటే, తిడుతున్న ఆ అమ్మాయి మీంచి చూపు మాత్రం తిప్పుకోలేకపోయాడు.

మీటింగ్ అయ్యాక వాన తగ్గలేదు. అందరూ వరండాలో టీ, బిస్కెట్లతో నిలబడ్డారు. డాక్టర్ అతని దగ్గరికొచ్చి నిలబడి, కాసేపు అతని బుగ్గ వంకే చూసింది.

"మీరు ఎడమవైపు నమలట్లేదు," అంది. "పన్ను పుచ్చిందా?"

"అదేం లేదండీ... కొంచెం."

"కొంచెం పుచ్చడం ఉండదండీ. ఏం చేస్తుంటారు?"

"ప్రెస్సులో ప్రూఫులు చూస్తాను." ప్రెస్సు పేరు కూడా చెప్పాడు.

ఆమె కళ్లు మెరిశాయి. "ఈ పుస్తకం అక్కడే కదా వేశారు! అయితే రచయిత్రిగారిని చూసుంటారు. ఎలా ఉంటారావిడ?"

ఒక్క మాట చెప్తే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అప్పుడే ఆమె నవ్వింది. ఆ నవ్వు పోతుందని భయమేసింది.

"మామూలుగానే ఉంటారండీ," అన్నాడు.

"ఆవిడకి చెప్పండి, ఒక పాఠకురాలు కోపంగా ఉందని. మీరు మాత్రం రేపు క్లినిక్‌కి రండి, పన్ను చూస్తాను." తండ్రిని స్కూటర్ వెనక ఎక్కించుకుని వానలోనే వెళ్లిపోయింది.

అచ్చుతప్పు తడుస్తూ నడిచాడు. తన యువరాజు చేసిందేంటో అప్పుడు అర్థమైంది. పెద్ద అబద్ధమేం చెప్పక్కర్లేదు. ఇంకొంచెంసేపు నవ్వుతుందిలే అని నోరు మూసుకుంటే చాలు. రేపు ఎలాగైనా చెప్పెయ్యాలి, ఆమె ఏమన్నా సరే. గట్టిగా అనుకున్నాడు.

మర్నాడు క్లినిక్‌లో కుర్చీ ఎక్కగానే మొదలుపెట్టాడు. "డాక్టరుగారూ, ముందు మీకో విషయం చెప్పాలి..."

"నోరు పెద్దగా తెరవండి."

తెరిచాడు. మత్తు ఇంజెక్షన్ పడింది. ఒక చేత్తో చిన్న అద్దం, ఒక చేత్తో డ్రిల్లు పట్టుకుని ఆమె కబుర్లు మొదలుపెట్టింది.

"నిన్న నేను మరీ ఎక్కువ మాట్లాడానని నాన్న అలిగారు. ఆ రచయిత్రిగారు మీకు బాగా తెలుసా?"

"ఆఁ."

"మంచావిడేనా?"

"ఆఁ... ఊఁ... ఆఁ."

"తల ఊపకండి, డ్రిల్లు జారుతుంది. ఆవిడ శైలి నాకూ ఇష్టమేనండీ. రాత్రంతా చదివించింది. అందుకే అంత కోపం. నచ్చని పుస్తకం మీద ఎవరికైనా కోపమెందుకొస్తుంది?"

అతనిక ఆగలేకపోయాడు. ఆమె ఫిల్లింగ్ పెట్టి చెయ్యి తియ్యగానే లేచి కూర్చున్నాడు. కింది పెదవి తనది కానట్టు వేలాడుతోంది.

"నేనే... ఆ రశయిత్రిని."

ఆమె అతని కళ్లలోకి టార్చి వేసి చూసింది. "మత్తు తలకెక్కినట్టుంది. కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదండీ. ఆ నవల రాశింది నేనే. ఆ పేరు మా బాబాయ్ పెట్టింది. నిన్న చెప్పకపోవడం నా తప్పు."

ఆమె టార్చి ఆర్పింది. ముఖంలో నవ్వు కూడా ఆరిపోయింది. చేతి తొడుగులు తీసి బుట్టలో వేసింది.

"నోరు పుక్కిలించండి."

పుక్కిలించాడు.

"ఎలా ఉంటారావిడ అని అడిగాను. మామూలుగా ఉంటారు అన్నారు."

"అవునండీ."

"నాకు ఒకసారి పెళ్లి కుదిరింది," అంది ఆమె, కిటికీ వైపు తిరిగి. "అతను రోజూ టై కట్టుకుని మా ఇంటి ముందునుంచే ఆఫీసుకి వెళ్లేవాడు. నాకు చెయ్యి ఊపేవాడు. అప్పటికే ఉద్యోగం పోయి ఆర్నెల్లయిందట. ఉద్యోగం లేకపోతే నాకేం బాధ లేదండీ, నేను సంపాదించుకుంటున్నాను. కానీ ఆ టై! రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, నన్ను మోసం చెయ్యడానికి ఎంత శ్రద్ధగా కట్టుకునేవాడో కదా. నేనే వద్దన్నాను. ఇంట్లో అందరూ చిన్న విషయమే కదా అన్నారు."

ఆమె మళ్లీ అతని వైపు తిరిగింది.

"మీరు మర్నాడే చెప్పారు. కాదనను. అయినా నాకు కోపమొచ్చింది. ఇది ఒక్క పేజీలో పోదు."

"పోనక్కర్లేదండీ," అన్నాడు వంకర పెదవితో. "ఎన్ని పేజీలైనా ఉండనివ్వండి."

"డైలాగులొద్దు. మా నాన్న ఆ రచయిత్రిని నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నారు. ఆయనకి నేను చెప్పాలా?"

"నేనే చెప్తాను. ఆయనకే కాదు, అందరికీ."

ప్రెస్సులో బాబాయ్ చిందులు తొక్కాడు. "మతిపోయిందా? రెండో ముద్రణ కవర్లు రేపు మెషిన్ ఎక్కుతున్నాయి రా!"

"ఆపేద్దాం బాబాయ్. నా పేరు వెయ్యాలి."

"నీ పేరేస్తే పుస్తకం అటకెక్కుతుంది."

"ఎక్కితే ఎక్కనీ. ప్రూఫులు దిద్దుకుని బతుకుతాను. అది నాకు వచ్చిన పనేగా."

బాబాయ్ కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. "ఎవరా అమ్మాయి?"

"అమ్మాయని ఎవరు చెప్పారు?"

"నీ మొహమే చెబుతోంది. పెద్దక్షరాల్లో అచ్చయింది."

"ఆ అమ్మాయి ఇక నాతో మాట్లాడకపోవచ్చు బాబాయ్. అయినా చెప్పాలి. వాళ్లంతా ఏడ్చింది, నవ్వింది నా మాటలకి. నేను మాత్రం వెనక వరసలో దాక్కున్నాను."

బాబాయ్ చాలాసేపు గొణిగాడు. చివరికి మెషిన్ దగ్గరికెళ్లి, "ఒరేయ్, కవర్లు ఆపండి!" అని కేకేశాడు.

తర్వాతి మీటింగ్‌లో అచ్చుతప్పు మైకు అడిగి తీసుకున్నాడు. దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"'మేడమీద యువరాజు' రాసింది నేనండీ. పేరు దాచుకుని రాశాను. పోయినసారి దాక్కుని విన్నాను. రెండూ తప్పే."

హాలంతా గోలగోల అయింది. కొందరు నవ్వారు. లైబ్రేరియన్ మేడం బల్ల మీద చరిచి చరిచి అలసిపోయింది. కండక్టర్ మాత్రం నవ్వలేదు. ముఖం చిన్నబోయి లేచి నిలబడ్డాడు.

"అయితే ఆ టైలరమ్మాయి పాత కుట్టుమిషన్ విరిగిపోయే ఘట్టం..? దానికి నేను మా ఆవిడకి కనబడకుండా బాత్రూంలోకెళ్లి ఏడ్చాను బాబూ. అది కూడా మీరేనా?"

"అది మా అమ్మండీ. అమ్మ బట్టలు కుట్టేది. మిషన్ పాత సామాను బండెక్కిన రోజు, దాని మీద గుడ్డ కప్పి పంపింది, దానికి చలేస్తుందన్నట్టు. నేను పక్కనే ఉన్నాను. నాకు ఆడమనసు తెలియదండీ. మా అమ్మ తెలుసు, అంతే."

కండక్టర్ జేబులోంచి చేతిరుమాలు తీశాడు. "అయితే సరే," అని ముక్కు చీది కూర్చున్నాడు.

"ఇంకో మాట," అన్నాడు అచ్చుతప్పు. "ముగింపు బాలేదని ఒకరన్నారు. రెండో ముద్రణలో మారుస్తాను."

"వద్దు!" అని సగం హాలు అరిచింది. ఆ అరుపులన్నీ తగ్గాక డాక్టర్ లేచింది.

"మార్చకండి," అంది.

అతను తెల్లబోయాడు. "మీరే కదండీ..."

"నేనన్నది నా అభిప్రాయం. ఆ పిల్ల క్షమించింది, అది ఆమె ఇష్టం. నేనైతే క్షమించను, అది నా ఇష్టం. పదిమందికీ నచ్చేలా దిద్దుకుంటూ పోతే మీరు మళ్లీ ఇంకో మారువేషం కట్టినట్టే. రాసినదానికి నిలబడండి."

మెట్లు దిగేటప్పుడు ఆమె అతని పక్కనుంచే వెళ్తూ, ముఖం చూడకుండా అంది. "ఆ ఫిల్లింగ్ తాత్కాలికంగా పెట్టింది. ఊడిపోకముందే రండి."

వెళ్లాడు. ఆమె పన్ను గురించి తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. తర్వాత ఒకసారి క్లినిక్ కిందనున్న టీ కొట్లో ఎదురైతే, పక్కన కూర్చోనిచ్చింది. ఆ తర్వాత ఆమే అడగడం మొదలుపెట్టింది, కోర్టులో లాయరులా. ఎందుకు రాస్తారు, ఎవరిని ప్రేమించారు, దేనికి భయపడతారు. అతను అడిగినదానికల్లా ఉన్నదున్నట్టు చెప్పాడు. తన పరువు పోయే సంగతులు కూడా చెప్పాడు. కొన్నిసార్లు ఆమెకి పాత కోపం గుర్తొచ్చి, సగం టీ వదిలేసి వెళ్లిపోయేది. మర్నాడు అతను అదే బెంచీ మీద ఉండేవాడు. బతిమాలేవాడు కాదు, పువ్వులు పట్టుకొచ్చేవాడు కాదు. "నిన్నటి ప్రశ్నకి జవాబు మిగిలిపోయిందండీ," అనేవాడు.

మగపేరుతో వచ్చిన రెండో ముద్రణ మొదట్లో కదల్లేదు. బాబాయ్ తలపట్టుకున్నాడు. కండక్టర్ బస్టాండులో పాత స్నేహితులందరి చేతా చదివించాడు. నెమ్మదిగా కదిలింది.

ఒకరోజు టీ గ్లాసు కిందపెట్టి ఆమె అంది. "ఆదివారం మా ఇంటికి రండి. నాన్న అభిమాని కదా అన్న ధీమాతో రాకండి. అమ్మ లెక్కల టీచర్. నవలలు చదవదు."

అచ్చుతప్పు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బాబాయ్‌ని వెంటబెట్టుకుని వెళ్లాడు. అమ్మగారు ఎదురుగా కూర్చుని కళ్లజోడు సర్దుకుంది.

"మా అమ్మాయి అంతా చెప్పింది. ఇంకా ఏమైనా దాచారా?"

"గురక పెడతానండీ. వంట రాదు, నేర్చుకుంటున్నాను, ప్రస్తుతానికి మాడుస్తున్నాను. రెండో నవల సగంలో ఆగిపోయింది, అది బాగుంటుందో లేదో తెలియదు. బాబాయ్‌కి కోపం వస్తే కుర్చీలు విసురుతారు."

"ఒక్కసారే విసిరాను రా!" అన్నాడు బాబాయ్.

అమ్మగారి పెదవి కొంచెం కదిలింది. "మా అమ్మాయి కోపం సంగతి తెలుసా?"

"తెలుసండీ. అది ఎప్పుడు పోతుందా అని చూస్తూ కూర్చోలేదు. అది ఉండగానే మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నాం."

కండక్టర్ భార్య వైపు, కూతురి వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. పరీక్ష ఫలితాలకి నిలబడ్డ పిల్లాడిలా ఉంది ఆయన వాలకం.

"అతనిది విన్నాను. నీదేంటమ్మా?" అంది అమ్మగారు.

డాక్టర్ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. అంత గలగలా మాట్లాడే మనిషి ఒక్క క్షణం తడబడింది. తర్వాత తల ఎత్తి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా చెప్పింది.

"నాకు ఇష్టం అమ్మా. చాలా ఇష్టం. ఎప్పట్నుంచో. ఆయనకి మాత్రం చెప్పలేదు."

అచ్చుతప్పు కుర్చీలోంచి లేచాడు. "ఎప్పట్నుంచండీ?"

"మీరు మైకు రెండు చేతులతో పట్టుకున్న రోజు నుంచి."

"ఇన్నాళ్లూ? ఆ ప్రశ్నలన్నీ అడుగుతూ... లోపల ఇది పెట్టుకునా?"

"అవును. దాచాను."

"అయితే ఇప్పుడు నాకు కోపం రావాలి కదండీ?"

"న్యాయంగా అయితే రావాలి," అంది ఆమె. చెంపలు ఎర్రబడ్డాయి, కళ్లు మాత్రం దించలేదు. "కూర్చుని నింపాదిగా తెచ్చుకోండి. ఈలోపు అందరికీ టీ పెట్టుకొస్తాను."

అతను కూర్చున్నాడు. ఎంత ప్రయత్నించినా కోపం రాలేదు. నవ్వొచ్చింది. అది చూసి ముందు నవ్వింది నవలలు చదవని అమ్మగారే.