బ్రిజిడ్ అన్న పేరు

“బ్రిడ్జి సిస్టర్, ఏసీ నడుస్తున్నదా సూడుండ్రి.”

సౌదీలో అభా ఊరి ఆసుపత్రిలో ఏసీ మెకానిక్ హన్మాండ్లు ఆ నర్సుతో అన్న మొదటి మాట అది. బ్యాడ్జీ మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. “బ్రిడ్జి కాదు, బ్రిజిడ్,” అంది ఆమె విసురుగా. మర్నాటి నుంచి ఆ వార్డు ఏసీకి రోజూ ఏదో ఒక రిపేరు వచ్చింది.

ఏడాది తిరిగేసరికి అతను సిస్టర్ అనడం మానేశాడు. ఎందుకని ఆమె అడగలేదు.

అంతలో నితాఖత్ చట్టం వచ్చింది. సౌదీవాళ్ళను సరిపడా పెట్టుకోని కంపెనీలు రెడ్‌లో, అంటే పరదేశీల అనుమతులు ఆగిపోయే జాబితాలో పడ్డాయి. హన్మాండ్లుది కూడా. అల్ ఖోబర్‌లో ఒక గ్రీన్ కంపెనీ తీసుకుంటానంది. అక్కడికి మారే ట్రాన్స్‌ఫర్ కాగితం, దేశం విడిచే ఫైనల్ ఎగ్జిట్ కాగితం రెండూ అతని చేతిలో ఉన్నాయి. ఇవాళ మూడింటిలోగా ఒకదాని మీద సంతకం పెట్టి కంపెనీ ఆఫీసులో ఇవ్వాలి.

“పెండ్లికి నువ్వు సరేనంటే ఉంట. లేకుంటే ఇంటికి పోత. ఏదీ తెల్వకుండ ఈ దేశంల ఉండుడు నాతోని కాదు,” అన్నాడు.

ఆమె జవాబు బాపట్లలో తండ్రి దగ్గర ఆగిపోయింది. ఓబదయ్య అక్కడి చర్చి సంఘపెద్ద. హిందువుల అబ్బాయి అనగానే రెండుసార్లు ఫోను పెట్టేశాడు.

రెండూ నలభైకి ఆమె మళ్ళీ ఫోను చేసింది. వార్డు కిటికీ అవతల కొండల మీద వాన పడుతోంది. తనకీ పేరు ఎలా వచ్చిందని అడిగింది. పుట్టినప్పుడు బిడ్డ ఏడవకపోతే మిషన్ ఆసుపత్రిలో ఐర్లాండు సిస్టరమ్మ ఊపిరి ఊది బతికించిందని, పేరు కూడా ఆమెనే పెట్టమన్నామని ఓబదయ్య చెప్పాడు.

“ఆ పేరు మొదట వాళ్ళ దేవతదంట నాన్నా. వైద్యానికీ కవిత్వానికీ దేవత. క్రైస్తవులయ్యాక అదే పేరుతో ఒక పరిశుద్ధురాలు వచ్చింది. పాతదని వాళ్ళు ఆ పేరు పారేయలేదు. సిస్టరమ్మే అమ్మకి చెప్పింది. ఆ పేరుతోనే నువ్వు నన్ను చర్చిలో నిలబెట్టావు.”

మళ్ళీ పెట్టేశాడేమోనని ఆమె ఫోను తెర చూసుకుంది. మూడుకి పది నిమిషాలుంది.

“ఆ అబ్బాయి దగ్గరున్నాడా?” అన్నాడు ఓబదయ్య.

పక్కనే ఉన్న హన్మాండ్లు స్పీకర్ పెట్టి ఫోను అందుకున్నాడు. ఏ పని, తల్లి ఉందా, తాగుతావా అని ఓబదయ్య అడిగినవాటికి నిజమే చెప్పాడు.

“మా అమ్మాయి చర్చి మానాలా?”

“ఎందుకు మానాలె సార్? ఆమె లోపల ప్రార్థన చేసుకుంటది. నేను బయట కూసుంట.”

“బయటెందుకు బాబూ? లోపలికే రా. సెలవు దొరకంగానే ఇద్దరూ రండి.”

బ్రిజిడ్ మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. హన్మాండ్లు మందుల ట్రాలీ మీద కాగితం పరిచి ట్రాన్స్‌ఫర్‌కి సంతకం పెట్టాడు. దాన్ని చొక్కాలో దోపుకుని వానలోకి పరుగెత్తాడు. ఆఫీసు కిటికీ ఇంకా మూయలేదు.