డెబ్బై రెండో నంబరు పలక

వెనక తలుపు గడియ పడింది.

విల్డా తిరిగి చూడలేదు.

ఇలినాయ్ మంచులో, పెరట్లో నిలబెట్టిన పాత రైలు గార్డు పెట్టె అది. గోడల నిండా రైలు లాంతర్లు, తాళాలు, విజిళ్లు. అన్నీ లైల్ డనవే జీవితమంతా పోగేసిన పిచ్చి.

"చలి లోపలికొస్తుంది మేడమ్," అంటాడు డనవే. తాళం వేసి చెవి జేబులో వేసుకుంటాడు.

బల్ల మీద గుండ్రటి ఇత్తడి పలక. ఇంజను తయారుచేసిన కంపెనీ బిగించేది. నంబరు డెబ్బై రెండు.

విల్డా చూపు ఆ అంకె మీదే ఆగిపోయింది!

ఆ ఇంజనుకు అలాంటి పలక ఒక్కటే. ఊరి మ్యూజియంలో ఉండేది. పోయిన చలికాలం ఎవరో ఎత్తుకుపోయారు. అడ్డొచ్చిన ముసలి వాచ్‌మన్‌ను కొట్టి చంపారు.

ఆ వాచ్‌మన్ ఏమస్ ట్రాస్క్ ఆమె తండ్రి. పెళ్లితో ఇంటిపేరు మారిన కూతుర్ని డనవే ఎరగడు.

పలక అసలుదో నకలో తేల్చమని డనవేయే ఆమెను పిలిపించాడు. నకలని చెప్పే తనకు అమ్మారట. అసలుదని తేలితే స్వయంగా పోలీసులకు అప్పగిస్తాడట. కొంగ జపం అంటే ఇదే!

విల్డా కొలపరికరం తీస్తుంది.

అసలు పలకతో అచ్చు తీసి నకలు పోస్తే, చల్లారేటప్పుడు ఇత్తడి కుంచించుకుపోతుంది. ఎంత మొనగాడు పోసినా ఆ గోరంత తేడా తప్పదు.

కొలుస్తుంది. మళ్లీ కొలుస్తుంది.

మ్యూజియం రాసి ఉంచిన అసలు కొలతకూ దీనికీ తేడా లేదు!

నాన్నను చంపినవాడు బల్లకు అవతలే ఉన్నాడు. ఈ మాట బయట చెప్పాలంటే ముందు తను బతికి బయటపడాలి.

"నకలు," అంటుంది. "మంచి పోత. అంతే."

పలకను కింద పెట్టబోతూ, సంచిలోంచి మెత్తటి గుడ్డ తీసి బల్ల మీద పరుస్తుంది. దాని మీద మెల్లగా... గీత పడకుండా...

డనవే నవ్వు ఆగిపోయింది.

"నకలుకు గుడ్డ పరిచేవాళ్లను నేనింతవరకూ చూళ్లేదు," అంటాడు. చేతిలో పిస్తోలు! "అసలుదే కదూ? హమ్మయ్య. మ్యూజియాలు నకలు బయటపెట్టి అసలు దాచుకుంటాయంటారు. ఆ ముసలోణ్ణి ఉత్తపుణ్యానికి చంపానేమోనని నాకు నిద్రే లేదు."

విల్డాకు ఒళ్లు మండిపోయింది. భయం ఎటో పోయింది. పలకను లాక్కుని గుండెకు అడ్డం పెట్టుకుంటుంది.

"దించు దాన్ని." అతని గొంతు మొదటిసారి వణికింది. పిస్తోలు పైకి లేస్తుంది... ఆమె నుదుటికి...

విల్డా పలకను మూలనున్న ఇనప పొయ్యి మీదికి విసిరేసింది!

డనవే రెండు చేతులూ చాచి దూకాడు. పిస్తోలు నేల మీద దొర్లింది. పలక చేతికి చిక్కింది. పసిబిడ్డను హత్తుకున్నట్టు హత్తుకుని, ఎక్కడైనా సొట్ట పడిందేమోనని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

తలెత్తేసరికి పిస్తోలు విల్డా చేతిలో ఉంది.

"ఆ ముసలోడు మా నాన్న," అంది.

డనవే పలకను గుండెకు అడ్డం పెట్టుకోలేదు. దానికి తూటా తగలకుండా వీపు వెనక దాచుకున్నాడు.

ఢాం!