సంతకం లేని బూట్‌లోడర్

"సిగ్నల్ రూమ్ కంప్యూటర్ శత్రువుల చేతికి చిక్కింది. పదకొండింటికి రెండు రైళ్ళను ఎదురెదురుగా ఒకే పట్టాల మీదికి వదులుతారు," అన్నాడు చీఫ్. "ఒకదాంట్లో మీ అక్క ఉంది."

ఏజెంటు ఆవులింత సగంలో ఆగిపోయింది. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని 'పొగరు' అనేవారు. అతనది బిరుదనుకునేవాడు.

"టైమెంత?"

"పదిన్నర."

స్క్రూడ్రైవర్ పిడిలో పెన్‌డ్రైవ్ దాచాడు. అందులో అసలు సిగ్నల్ సిస్టమ్ డిస్క్ ఇమేజ్, అంటే పూర్తి నకలు, దాన్ని నిద్రలేపే బూట్‌లోడర్ ఉన్నాయి. శత్రువులు పాడుచేసిన డిస్క్ జోలికి పోకుండా, కంప్యూటర్ని నేరుగా దీన్నుంచే బూట్ చెయ్యొచ్చు.

పది యాభై రెండుకు ఏసీ మెకానిక్ వేషంలో గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఏసీ బాగానే ఉందిగా?" అన్నాడు కాపలావాడు.

"అందుకే వచ్చా. ఎన్నాళ్ళు బాగుంటుందేంటి?"

కాపలావాడు నిజమేనని తలూపాడు. ఈ బుర్రలతో దేశాన్ని కూలుస్తారట!

లోపల 'నెమలి' ఉంది. శత్రువుల్లో కలిసిపోయి పనిచేస్తున్న తమ డిపార్ట్‌మెంట్ అందగత్తె.

"బయట వానా?" కోడ్ అడుగుతూ అతను ఏసీ ఫిల్టర్ ఊడదీశాడు.

"గొడుగు ఇంట్లో మరిచా," సరైన జవాబే చెప్పి, పిస్తోలు తీసిందామె. "అమ్ముడుపోయానులే. పెన్‌డ్రైవ్ పెట్టుకో, నీ మొహం చూడాలి. సంతకం లేని బూట్‌లోడర్ని సెక్యూర్ బూట్ అనే కాపలా గడప తొక్కనివ్వదు. నీదానికి ఆ డిజిటల్ సంతకం లేదు."

"మరి మీ దొంగ బూట్‌లోడర్‌కి ఎవరు పెట్టారమ్మా సంతకం?"

"మావాడు కంప్యూటర్ ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లోకెళ్ళి సెక్యూర్ బూట్ తీసేశాడు."

"మళ్ళీ పెట్టాడా?"

"పెడితే మాది లేవదుగా!" అనేసి, నాలిక్కరుచుకుంది.

అతను ఫిల్టర్ని ఆమె మొహం మీద దులిపాడు. ఏడాది దుమ్ము. నాలుగు తుమ్ములకి పిస్తోలు జారి కిందపడింది, ఆమె చేతులకి బేడీలు పడ్డాయి. పెన్‌డ్రైవ్ గుచ్చి రీస్టార్ట్ కొట్టాడు. ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ అడగలేదు. అదీ పెట్టలేదు, సన్నాసులు! బూట్ మెనూలో తన పెన్‌డ్రైవ్ ఎంచుకున్నాడు. తెల్లక్షరాలు పాకాయి. పదకొండుకి రెండు సెకన్లుండగా సిగ్నళ్ళన్నీ ఎర్రబడ్డాయి.

ఫోన్ మోగింది.

"ఒరే, మా రైలు తుప్పల మధ్య ఆపేశారు. ఎదురుగా ఇంకో రైలు! ఈ సిగ్నళ్ళ దగ్గర కూర్చునేవాళ్ళకి బుద్ధుందా?"

"ఇప్పుడే అడుగుతున్నానక్కా," అంటూ గట్టిగా ఊపిరి వదిలాడు.

నెమలి ముక్కు తుడుచుకుంది. "నన్నెక్కడికి తీసుకెళ్తావ్?"

"జైలుకి. నేర్చుకుందువుగాని. అక్కడ తలుపు తీసినవాడు మళ్ళీ వేస్తాడు."